ఐదు రోజుల రాశి

యాకోబు బుట్టలోంచి కాయ తీసి రెండుసార్లు ఆడించి, ఎడమ చెవి కింద దవడ ఎముక వంపు తిరిగే చోట ఆనించి, వెనుక పళ్ళు బిగించి కళ్ళు మూసుకొన్నాడు. మళ్ళీ ఒకసారి, ఈసారి చాలా మెల్లగా, ఆడించాడు. లోపల ఎండి చిప్పను వదిలిన కొబ్బరి గడగడమని కొట్టుకొంది. కళ్ళు తెరచి, కాయను కుడివైపు రాశిలో వేసి, రెండోది అందుకొన్నాడు.

అమలాపురం పొలిమేర దాటి ముమ్మిడివరం వైపు వెళ్ళే రోడ్డు పక్కన ఉన్న భాస్కరరావుగారి కొబ్బరి కొట్టులో ముప్పై ఆరేళ్ళుగా అతని పని ఇదే. ముదిరిన కాయలను అటక మీద నెలల తరబడి నిలవ ఉంచితే లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడిపడుతుంది. దానినే కురిడీ అంటారు. పైకి అన్ని కాయలూ ఒక్కలాగే ఉంటాయి. ఏది ఎండినదో, దేనిలో ఇంకా చెంచాడు నీరు మిగిలి ఉన్నదో, ఏది కుళ్ళినదో పగలగొట్టకుండా చెప్పవలసినవాడు యాకోబు. ఎండినది గడగడమంటుంది. నీరున్నది బుడబుడమంటుంది. చెడినది ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడాన్ని కూడా వినగలగడమే అతని విద్య.

"అన్నయ్యగారూ, ఆ కాయతో గుసగుసలు అయిపోతే ఖాళీ బుట్ట ఇటు తొయ్యండి. ఒలిచిన కాయ వెయ్యడానికి చోటు లేక ఇక్కడ నా గునపం ఊరికే నిలబడిందండి," అన్నది పెద్దింట్లమ్మ. ఆమెది కాయ ఒలిచే పని. నేలలో పాతిన గునపం మీద మూడు పోట్లలో పీచు డొక్కంతా ఊడదీయగలదు. నోరు మాత్రం ఆ మూడు పోట్ల మధ్య కూడా ఊరుకోదు.

"తొందరపడితే కాయ అబద్ధం చెబుతుందమ్మా," అన్నాడు యాకోబు.

"నాలుగు రోజులనుంచీ నాకు కుడిపక్కకి తిరిగి సమాధానం చెబుతున్నారు, ఆయ్. ఎడంపక్కన కూర్చున్నదాన్ని నేను కానా?"

యాకోబు ఆ మాటకు చిరునవ్వు నవ్వి ఊరుకొన్నాడు. నిజానికి మాట సగమే అందింది.

అతను పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. తెల్లచొక్కాకు గొంతు దాకా గుండీలు పెట్టుకొంటాడు. ముఖంలో చూడగానే కనిపించే వింత ఒక్కటే: ఎడమ దవడ కండ కుడిదానికంటె బాగా ఎత్తుగా, ఎప్పుడూ ఏదో నములుతున్నట్లు ఉబికి ఉంటుంది. అది పుట్టుకతో వచ్చినది కాదు, పనితో వచ్చినది. అతను పనిలో చేరిన ఏటనే కొట్టు వెనుక పీచు మిల్లు పెట్టారు. పొద్దున్న ఎనిమిదికి మొదలుపెడితే దాని హోరులో పక్కమనిషి కేక కూడా వినిపించేది కాదు. కాయ చెప్పే రహస్యం చెవికి ఎలా అందుతుంది? తప్పులు దొర్లాయి, తిట్లు తిన్నాడు. కూలి మానుకొని తండ్రిలాగే వరిచేల పనికి పోదామనుకొన్న రోజున, విసుగెత్తి కాయను దవడకు ఆనించుకొని పళ్ళు బిగించాడు. చప్పుడు గాలిలోంచి కాదు, ఎముకలోంచి తలలోకి వచ్చింది. మిల్లు ఎంత మొత్తుకొన్నా ఆ దారిలోకి రాలేకపోయింది.

ఆ విద్యను అతను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తరవాత ఇద్దరు ముగ్గురు నేర్చుకోబోయి, దవడ నొప్పి అని మానుకొన్నారు. యాకోబు మానలేదు. ఇరవై ఏళ్ళనాడే ఎడమ చెవి ముందర దవడ కీలు టక్కుమనడం మొదలుపెట్టింది. ఆవులిస్తే టక్కు, అన్నం ముద్ద పెద్దదైతే టక్కు. నిద్రలో అతను పళ్ళు కొరుకుతాడని భార్య సుగుణ పదేళ్ళుగా సణుగుతూనే ఉన్నది. పనిచేసే మనిషికి ఒంట్లో ఏదో ఒక చోట చప్పుడు ఉంటుందని అతను సరిపెట్టుకొన్నాడు. వర్తకులు "యాకోబు చూసిన కాయేనా?" అని అడిగి మరీ లారీ ఎత్తించుకొంటారు. ఆ ఒక్క ప్రశ్న ముందర దవడ నొప్పి ఏపాటిది?

అయితే ఈ వారంలో లోకంలో చాలా వస్తువులు ఒక్కసారిగా చెడిపోయాయని యాకోబుకు అనుమానంగా ఉన్నది. ఆదివారం ఉదయం లేచేసరికి ఎడమ చెవిలో గుయ్‌మనే సన్నటి మోత, దూది కుక్కినట్లు ఒక దిమ్ము. స్నానం నీళ్ళు పోయాయనుకొని గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేయించుకొన్నాడు. చర్చిలో ఎడమవైపు స్పీకరు పెట్టె పనిచేయడం లేదని గమనించి సంఘపెద్దకు చెప్పాడు. ఆయన పెట్టె దగ్గర చెవి పెట్టి చూసి, బాగానే ఉందే అన్నాడు. సోమవారం పీచు మిల్లు హోరు సగానికి తగ్గింది. బెల్టు మార్చినట్లున్నారు, ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందని మిల్లు యజమానిని మనసులోనే మెచ్చుకొన్నాడు. అదే రోజున ఫోను కూడా పాడయింది. మోగుతుంది, వెలుగుతుంది. ఎత్తి చెవిన పెట్టుకొంటే లోపల మనిషి ఉండదు.

ఈ శుక్రవారం ఉదయం పదిన్నరకు అది మళ్ళీ మోగింది. రాజోలు బడిలో టీచరుగా ఉన్న కూతురు క్రిస్టీనా విరామం గంటలో రోజూ చేసే ఫోను అది. కుడిచేతిలో కాయ ఉంటుంది గనుక ఫోను ఎప్పుడూ ఎడమచేతికి, ఎడమ చెవికి వెళుతుంది.

"హలో... హలో అమ్మా... వినబడట్లేదమ్మా!"

నిశ్శబ్దం. నాలుగు రోజులుగా చేసినట్లే కట్టేశాడు.

"కూతురు మాట్లాడుతుంటే కట్టేసే తండ్రిని నేనెక్కడా చూడలేదండి," అన్నది పెద్దింట్లమ్మ. "ఆ పిల్ల అలిగి ఊరుకుంటే అప్పుడు తెలుస్తుంది. బాగుచేయించుకోండి, ఆయ్!"

మధ్యాహ్నం అన్నం వేళకు యాకోబు ఆటో ఎక్కి అమలాపురం వెళ్ళాడు. బస్టాండు దగ్గరి సందులో వీరదుర్గ అనే ఆమె ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతోంది. ముప్పై ఏళ్ళది. ఒక కంటికి భూతద్దం తగిలించుకొని, చీమ కాలంత మరను ఊడదీస్తూ తల ఎత్తకుండానే మాట్లాడుతుంది.

"ఏం వచ్చిందండి బాబాయిగారూ దీనికి?"

"మాట రావట్లేదమ్మా. చచ్చిపోయినట్టుంది."

ఆమె సన్నటి బ్రష్షుతో రంధ్రం తుడిచి, ఎవరికో ఫోను చేసి, తన చెవిన పెట్టుకొని విన్నది. ముఖం చిట్లించి మళ్ళీ విన్నది.

"ఇది నాకంటె బాగుందండి! గట్టిగా వినబడుతోంది."

"నాకు వినబడట్లేదే."

"మీకు తెలిసినవాళ్ళతోనే చూద్దాం. ఆఖరు నెంబరు ఎవరిదండీ? క్రిస్టీనా అని ఉంది."

బల్లకు ఇవతల నిలబడ్డ యాకోబుకు ఆమె అవతలి నుంచే చెయ్యి చాచి ఫోను పట్టుకొన్నది. ఎదురెదురుగా ఉన్నారు గనుక ఆమె ఎడమచెయ్యి అతని కుడి చెవికి చేరింది.

"నాన్నా! ఏమైంది నాన్నా నీకు? ఐదు రోజులనుంచి హలో అంటావు, కట్టేస్తావు. నేనేం తప్పు చేసేనని? అమ్మని అడిగితే బాగానే ఉన్నారంటది. నాన్నా, ఉన్నావా?"

యాకోబు ఉన్నాడు. మెల్లగా ఫోను తన చేతిలోకి తీసుకొని కుడి చెవినుంచి ఎడమ చెవికి మార్చాడు. క్రిస్టీనా మాయమైంది. మళ్ళీ కుడికి మార్చాడు. క్రిస్టీనా ఏడుస్తోంది.

చర్చి స్పీకరు, మిల్లు బెల్టు, ఫోను, కుడిపక్కకు తిరిగి చెప్పిన సమాధానాలు, అన్నీ వరుసగా వచ్చి అతని ముందర నిలబడ్డాయి. ఏ వస్తువూ చెడిపోలేదు.

"ఉన్నానమ్మా. ఫోను బాగానే ఉంది. నా చెవే..." అని, బల్ల మీద చెయ్యి ఆనించాడు.

వీరదుర్గ భూతద్దం తీసివేసింది. "ఎన్నాళ్ళయిందండి?"

"ఆదివారం నుంచీ."

"మా పెదనాన్నగారికి ఇలాగే ఒక పొద్దున్న పోయిందండి. గుబిలి అనుకుని నెల్లాళ్ళు ఊరుకున్నారు. డాక్టరుగారు చూసి, వారంలోపల రావలసిందండీ అన్నారు. మీరింక ఇంటికెళ్ళి చెబుతాను, రేపు చూద్దాం అనకండి. ఎదురు సందులో మేడ మీద చెవి డాక్టరమ్మగారు ఉన్నారు. నడవండి, నేనొచ్చి చూపిస్తాను."

"కొట్టు?"

"కొట్టెక్కడికి పోద్దండి బాబాయిగారూ!"

డాక్టరు హారిక మొదట చెవిలోకి దీపం వేసి చూసింది. "ఈ నూనె ఎవరు పొయ్యమన్నారండీ?"

"మా వైపు దేనికైనా కొబ్బరినూనేనండి."

"ఇకమీదట తలకి, కూరకి పరిమితం చేయండి." ఆమె చెవి శుభ్రం చేసి, రెండు కొమ్ముల ఇనుప కడ్డీని మోకాలికి తట్టి, మోగుతుండగా దాని కాడను అతని నుదుటి నడుమ ఆనించింది. "ఎటుపక్క వినబడుతోంది?"

"కుడిపక్కండి."

కడ్డీ కాడను ఎడమ చెవి వెనుక ఎముక మీద పెట్టింది. "ఇప్పుడు?"

యాకోబు కళ్ళు మూసుకొని విన్నాడు. "ఇప్పుడూ కుడిపక్కేనండి," అన్నాడు, తానే ఆశ్చర్యపోతూ.

గాజుగదిలో కూర్చోబెట్టి చేసిన పరీక్ష కూడా అదే చెప్పింది. కాగితం మీద గీత కుడి చెవికి పైన నడిచి, ఎడమ చెవికి గోతిలోకి దిగిపోయింది. ఆమె కాగితం పక్కన పెట్టి, ఉబికి ఉన్న దవడ వంక చూసింది. రెండు చెవుల ముందర రెండు వేళ్ళు ఆనించి నోరు తెరవమన్నది. టక్కుమన్నది.

"ఇది ఎన్నాళ్ళనుంచి?"

యాకోబు కాయ సంగతి చెప్పాడు. చెప్పడమే కాదు, చెయ్యి గుండ్రంగా ముడిచి దవడకింద పెట్టి, పళ్ళు బిగించి చూపించాడు. ఆమె తన వృత్తిలో ఇంతవరకు వినని సంగతి కాబోలు, రెండోసారి చేసి చూపించమన్నది.

"డాక్టరుగారూ, దీనివల్లే పోయిందాండి?" ఏ విద్య తనను మనిషిని చేసిందో, ఆ విద్యే తన చెవి తినేసిందేమోనని అతని భయం.

"చూడండి యాకోబుగారూ. దవడ కీలు, చెవి ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న రెండిళ్ళు. ఒక ఇంట్లో గొడవైతే రెండో ఇంటికి తెలుస్తుంది. దవడ కీలు బాధ ఉన్నవాళ్ళలో ఈ అకస్మాత్తు చెవుడు కొంచెం ఎక్కువగా కనబడిందని కొన్నిచోట్ల లెక్కలు తీసి రాశారు. ఒకదానివల్ల రెండోది వచ్చిందా, రెంటికీ మూలం ఇంకేదైనా ఉందా అన్నది ఎవరూ తేల్చలేదు. మిల్లు హోరు కూడా ఉంది మీకు. అందుకని దీనివల్లే అని నేను అనను. కాదు అని కూడా అనను."

"మరి?"

"కారణం వెతుకుతూ కూర్చుంటే పుణ్యకాలం దాటిపోతుంది. చెవి నరానికి మందు ఇవాళే మొదలుపెట్టాలి. ఐదు రోజులకే వచ్చారు, అది మీ అదృష్టం. కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి సగం, కొందరికి రాదు. తొందరగా వచ్చినవాళ్ళకి అవకాశం ఎక్కువ. మీకు షుగరు ఉందన్నారు. ఈ మందుకి అది పెరుగుతుంది. అంచేత కాకినాడలో వారం రోజులు ఆసుపత్రిలో ఉండండి, చీటీ రాస్తాను. దవడకి విశ్రాంతి ఎలాగూ కావాలి. పళ్ళు బిగించడం మానాలి. మెత్తటి అన్నం తినండి. పళ్ళ డాక్టరు రాత్రి పెట్టుకోవడానికి ఒక తొడుగు చేసిస్తారు."

యాకోబు అన్నిటికీ తల ఊపి, లేవబోతూ ఆగిపోయాడు.

"అమ్మా, చెవి ఆదివారమే పోయిందంటున్నారు. ఈ ఐదు రోజులూ నేను కాయ చూసేనండి. విన్నానండి. ఏది విన్నాను మరి?"

డాక్టరు నవ్వింది. "విన్నారు. ఎముకకి ఎడమా కుడీ తెలియదు. మీరు ఎడమ దవడకి ఇచ్చిన చప్పుడు తలంతా నడిచి కుడి చెవికి చేరింది. అందుకే మీకు తెలియలేదు."

ఆ మాట అతనికి సగం ధైర్యం ఇచ్చింది. మిగిలిన సగం కొట్టుకు వెళితే గాని రాదు. రేపు ఉదయం లారీ ఎత్తుబడి. రాజస్థాను వెళ్ళే సరుకు. ఐదు రోజుల రాశి అతని పేరు మీద వెళుతుంది. తప్పు ఉంటే చెవితోపాటు ఆ పేరు కూడా పోతుంది.

మందుల దుకాణం ముందరే మొదటి మోతాదు వేసుకొన్నాడు. వీరదుర్గ అప్పటికే క్రిస్టీనాకు, సుగుణకు ఫోన్లు చేసి కాకినాడ ప్రయాణం ఖాయం చేసింది. ఆమెకు దండం పెట్టబోతే చెయ్యి పట్టుకొని ఆపి, "చెవి వచ్చేక ఫోను చెయ్యండి. ఎడం చెవిన పెట్టుకుని చెయ్యాలి, ఆయ్!" అన్నది.

అతను కొట్టుకు చేరేసరికి నాలుగయింది. భాస్కరరావుగారు పడకకుర్చీలో ఉన్నారు. తండ్రి నాటి కొట్టు, తండ్రి నాటి కుర్చీ. మనిషి ముక్కోపి గాని మనసు మంచిది.

"అన్నానికి వెళ్ళినవాడివి ఇప్పుడా రావడం?"

యాకోబు చేతులు కట్టుకొని జరిగినదంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. చివరకు, "ఈ ఐదు రోజుల రాశిలోంచి కొన్ని పగలగొట్టి చూడాలండి. చూడకుండా లారీ ఎక్కించకండి," అన్నాడు.

"చెవిటివాడివై ఐదు రోజులు నా సరుకు చూసేవా!" అంటూ ఆయన లేచి నిలబడ్డారు. యాకోబు తల వంచుకొన్నాడు. ఆ వంగిన తల చూసి కాబోలు, భాస్కరరావుగారి గొంతు తగ్గింది. "సరే. పెద్దింట్లమ్మా, కత్తి తే. రాశిలో నాలుగు మూలలనుంచీ తియ్యి. పైవి కాదు, అడుగువి."

పెద్దింట్లమ్మ పన్నెండు కాయలు ఏరింది. కత్తి వెనుకవైపుతో నడుము చుట్టూ కొడుతూ చిప్ప విప్పింది. మొదటి దానిలోంచి గోధుమరంగు కొబ్బరి గుండు, పగుల్లేకుండా, పొడిగా దొర్లి వచ్చింది. రెండోది అంతే. మూడోది అంతే. ఆమె నోరు మొదటిసారి మూతబడి ఉన్నది. తొమ్మిదో కాయకు యాకోబు కళ్ళు మూసుకొన్నాడు. పదకొండోదానిలో అడుగున వేలితో తుడిస్తే పోయేటంత తడి కనిపించింది. పన్నెండోది పొడి.

"ఒకటి తడిసింది," అన్నాడు యాకోబు.

"పన్నెండింట్లో ఒక తడి మా నాన్నగారి రోజుల్లోనూ ఉంది," అన్నారు భాస్కరరావుగారు. కొబ్బరి గుండును చేతిలో తిప్పి చూస్తూ, "ఒక చెవితోనే ఇంత చూశావా! మరి రెండో చెవి ఇన్నాళ్ళూ ఏం పని చేసినట్టురా?"

"కూతురితో మాట్లాడిందండి," అన్నది పెద్దింట్లమ్మ. నోరు తిరిగి వచ్చినందుకు ముందుగా ఆమే నవ్వింది.

ఐదు గంటలకు పీచు మిల్లు ఆగింది. సుగుణ ఆటోలో వచ్చేదాకా ఊరికే ఉండలేక యాకోబు తన స్టూలు మీద కూర్చొన్నాడు. బుట్టలో చూడని కాయ ఒకటి మిగిలి ఉన్నది. దానిని తీసి అలవాటుగా ఎడమ దవడ దగ్గరకు తీసుకువెళ్ళి, మధ్యలో ఆపాడు. చెయ్యి ఇటు తిప్పి కుడి చెవి దగ్గర పెట్టాడు. పళ్ళు విడిచి, పెదవులు మాత్రం మూసి ఆడించాడు. చప్పుడు వచ్చింది. ముప్పై ఆరేళ్ళు తలలో విన్న చప్పుడు బయటినుంచి, కొత్త మనిషి పిలిచినట్లు, పలచగా వచ్చింది. గడగడమన్నదా, దాని వెనుక ఎక్కడో బుడబుడ ఉన్నదా? మళ్ళీ ఆడించాడు. తెలియకుండానే పళ్ళు కలుసుకోబోయాయి. నాలుక అడ్డం పెట్టుకొన్నాడు.

"ఏమంటోందండి అన్నయ్యగారూ?"

"తేలడం లేదమ్మా. నాకూ దానికీ ఇంకా పరిచయం కావాలి."

సుగుణ సంచీతో ఆటో దిగుతూనే పిలిచింది. కాకినాడ బస్సు ఆరింటికి. క్రిస్టీనా రాజోలునుంచి బయలుదేరి తిన్నగా ఆసుపత్రికి వస్తోంది. యాకోబు భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద పరచి, కాయను దాని నడుమ పిలక పైకి ఉండేటట్లు నిలబెట్టాడు.

"దీన్ని లారీ ఎక్కించకండి. పగలగొట్టకండి కూడా. నేనొచ్చి చెబుతానండి."

"ఎడం చెవితో చెబుతావా, కుడి చెవితోనా?" అన్నారు భాస్కరరావుగారు.

"ఏది వస్తే దానితోనండి. పళ్ళతో మాత్రం కాదు."

ఆటో కదిలింది. సుగుణ ఎక్కేటప్పుడే అలవాటుగా అతని ఎడమపక్కన కూర్చోబోయి, లేచి, కుడిపక్కకు మారింది. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆమె ఏదో చెబుతూనే ఉన్నది. అతను తల ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు లారీ వచ్చి రాశి మొత్తం ఎత్తుకుపోయింది. నాలుగోనాడు ఉదయం పదిన్నరకు పెద్దింట్లమ్మకు క్రిస్టీనా ఫోను చేసింది. తెల్లవారుజామున నాన్న తనను తట్టి లేపాడట. ఎడమపక్కన ఎవరో దూరంగా ఆకులు ఊడుస్తున్నట్లు ఉందన్నాడట. చూస్తే పైన తిరుగుతున్న ఫ్యాను. డాక్టర్లు పరీక్ష మళ్ళీ చేసి, గీత గోతిలోంచి కాస్త పైకి వచ్చింది, ఇంకా రావాలి అన్నారట. పెద్దింట్లమ్మ ఆ సంగతి కొట్టంతా వినబడేటట్లు, మిల్లు హోరును మించి చెప్పింది.

భాస్కరరావుగారు విని, లేచి వచ్చి స్టూలు దగ్గర నిలబడ్డారు. తువ్వాలు నాలుగు మడతల నడుమ, మీద పడ్డ పీచు పొడితో, పిలక పైకి పెట్టుకొని, ఏమీ చెప్పకుండా ఆ కాయ అక్కడే కూర్చొని ఉన్నది.